పాటకూ పలక కావాలి

మీ సంఘములో ఆదివారపు ఆరాధనలో కీబోర్డు వాయించే కుర్రవాణ్ని ఒక మాట అడిగి చూడండి. "ఈ పాట ఎక్కడ నేర్చుకున్నావు, బాబూ?" అంటే, "ఎక్కడా లేదండి, ఫోన్‌లో నాలుగుసార్లు విన్నాను, వచ్చేసింది" అంటాడు. అబద్ధం కాదు. మన పిల్లలలో చాలామందికి దేవుడు అలాంటి చెవి ఇచ్చాడు. శుక్రవారం రాత్రి విన్న పాటను ఆదివారం ఉదయానికి కార్డ్స్‌తో సహా పట్టేస్తారు. పాడేవారికి శ్రుతి ఎక్కువైతే ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కి, అవే వేళ్లతో వాయించేస్తారు. ఇప్పుడు అదే కుర్రవాని ముందు అయిదు గీతల మీద అచ్చువేసిన చిన్న పాట, మొదటి మెట్టు పిల్లల పాట ఒకటి పెట్టి వాయించమనండి. తెలుగు రానివాడు తెలుగు పత్రికను చూసినట్టు చూస్తాడు.

తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న కూడా ఇదే. "అయ్యగారూ, వాడు చెవితో బాగానే వాయిస్తున్నాడు గదా, ఇంకా ఈ గీతలూ గుడ్లూ ఎందుకండీ?" ప్రశ్న న్యాయమైనదే. కాని మూడేళ్ల పిల్లవాడు చక్కగా మాట్లాడుతున్నాడు గదా, ఇక బడి ఎందుకు అని మాత్రం ఎవరూ అడగరు. చెవితో వాయించడం మాట్లాడడం వంటిది. అది ముందు రావలసిందే. స్వరలిపి నేర్చుకోవడం అక్షరాలు నేర్చుకోవడం వంటిది. దానిలో రెండు భాగాలున్నాయి: చదవడం ఒకటి, రాయడం ఒకటి. మన పట్టణాలలో పియానో పాఠాలు చెప్పే చోట్ల చదవడమైనా కొంత నేర్పుతున్నారు గాని, రాయడం చాలా చోట్ల అసలే లేదు. నా మట్టుకు అది సగం చదువు. పలక మీద ఒక్క అక్షరమూ దిద్దకుండా పెద్ద బాలశిక్ష చదివించినట్టు ఉంటుంది.

శనివారం సాయంత్రాలు మా చర్చి పక్క గదిలో ఏడెనిమిది మంది పిల్లలకు నేను ఈ పాఠం చెబుతుంటాను. నేను సంగీత విద్వాంసుణ్ని కాను. దైవశాస్త్రం చదివే రోజుల్లో చాపెల్‌లోని పాత పియానో దగ్గర ఒక పెద్దాయన ఓపికగా నేర్పిన ముక్కలే నా పెట్టుబడి. కాబట్టి ఇక్కడ రాసేది మొదటి సంవత్సరపు చదువు గురించి మాత్రమే.

ఈ గీతలు పుట్టినదే పిల్లలకు పాఠం చెప్పడం కోసమని చాలామందికి తెలియదు. సుమారు వెయ్యేళ్ల కిందట ఇటలీలో గ్వీదో అనే సన్యాసి ఉండేవాడు. అరెజ్జో పట్టణపు చర్చిలో పాడే బాలురకు పాట నేర్పడం ఆయన పని. ఆ రోజుల్లో పాట పుస్తకాలలో మాటల పైన చిన్న చిన్న గుర్తులు ఉండేవి. స్వరం పైకి పోతుందో కిందికి పోతుందో అవి చెప్పేవి గాని, ఎంత పైకి, ఎంత కిందికి అన్నది చెప్పేవి కావు. పాట ముందే వచ్చినవారికి జ్ఞాపకం చేయడానికి అవి పనికివచ్చేవి. రానివారికి ఎందుకూ పనికిరావు. గ్వీదో గీతలను క్రమబద్ధం చేశాడు. ఎఫ్ గీతకు ఎరుపు రంగు, సి గీతకు పసుపు రంగు వేశాడు. ఒక స్తోత్రగీతంలో వరుసగా ఒక్కొక్క పాదం ఒక్కొక్క మెట్టు పైనుంచి మొదలవుతుందని చూసి, ఆ పాదాల మొదటి అక్షరాలనే స్వరాలకు పేర్లుగా పెట్టాడు: ఉత్, రే, మీ, ఫా, సోల్, లా. వాటిలో 'ఉత్' తరువాతి కాలంలో 'డో' అయింది. పదేళ్లకు కూడా రాని విద్య ఈ పద్ధతిలో ఒకటి రెండేళ్లలో వస్తుందని గ్వీదో తన ఉత్తరంలో రాసుకున్నాడు. 19వ యోహాను పోపు ఆయనను రోముకు పిలిపించి, ఆ పుస్తకం చూసి, అంతకుముందు వినని చరణం ఒకటి తానే చదివి పాడాడట. వినని పాటను కాగితం చూసి పాడడం అన్నది ఆనాడు ఒక వింత. ఈనాటికీ పదేళ్ల పిల్లవాడు మొదటిసారి అలా చేసినప్పుడు వాడి ముఖం చూడాలి.

ఇక మా పక్క గదిలోకి రండి.

మొదటి మూడు వారాలు కాగితం తీయను. పిల్లలు కళ్లు మూసుకుంటారు. నేను రెండు స్వరాలు వాయిస్తాను. పైకి పోయిందా, కిందికి పోయిందా, అక్కడే ఉన్నదా అని చేతితో చూపిస్తారు. చప్పట్లతో లయ పట్టుకుంటారు. జపాన్‌లో షినిచి సుజుకి అనే గురువు, పిల్లలు మాతృభాషను విని నేర్చుకున్నట్టే సంగీతాన్నీ ముందు విని నేర్చుకోవాలని, చదవడం తరువాత రావాలని చెప్పాడు. హంగేరీలో జోల్తాన్ కొదాయ్ అనే సంగీతకర్త కూడా ముందు గొంతు, తరువాతే కాగితం అన్నాడు. చెవికి తెలియని గుర్తును కంటికి చూపితే అది బొమ్మగానే మిగిలిపోతుంది.

తరువాత మెట్లు. పూర్తి పియానోకు 88 మెట్లు ఉంటాయి, వాటిలో తెల్లవి 52, నల్లవి 36. మన చర్చిలలో వాడే కీబోర్డులకు సాధారణంగా 61. పిల్లవాడు అంత పొడుగు పలకను చూసి బెదిరిపోతాడు. నల్లమెట్లను చూడమంటాను. అవి రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. రెండు నల్లమెట్ల గుంపుకు ఎడమ పక్కనున్న తెల్లమెట్టు 'సి'. అలాంటివన్నీ వెదికి నొక్కమంటే అయిదు నిమిషాలలో పట్టుకుంటారు. మధ్యలో ఉన్న సి మెట్టును మిడిల్ సి అంటారు. మన ఇంటి గుమ్మం అదే.

నాలుగో వారం సుద్దముక్కతో గది నేల మీద అయిదు పొడుగు గీతలు గీస్తాను. పిల్లల చేతికి చింతపిక్కలు ఇస్తాను. "రెండో గీత మీద ఒక పిక్క పెట్టు" అంటాను. ఇక్కడే మన పిల్లలు తడబడేది. పిక్కను గీతకు పైన, గీతకు ఆనించి పెడతారు. వాళ్ల తప్పేమీ లేదు. రూళ్ల పుస్తకంలో "గీత మీద రాయి" అంటే అక్షరాన్ని గీత పైన కూర్చోబెట్టమనే గదా అర్థం! స్వరలిపిలో గీత మీద అంటే ఆ గీత స్వరం కడుపులోంచి పోవాలి. అందుకని ఇప్పుడు నేను 'మీద' అనే మాటే వాడను. "దారానికి గుచ్చిన పూస" అంటాను. గీత దారం, స్వరం పూస. రెండు గీతల నడుమ ఉండేదాన్ని "రెండు గోడల మధ్య బంతి" అంటాను. ఆ రెండు మాటలతో ఒక నెల ఆదా అవుతుంది. పిల్లలు గీత నుండి సందులోకి, సందు నుండి గీతకు గెంతుతూ స్వరం పేరు చెబుతారు. చుట్టుపక్కల ఇళ్లవారు అయ్యగారు తొక్కుడుబిళ్ల ఆడిస్తున్నారనుకుంటే అనుకోనివ్వండి.

పియానో పిల్లలకు ఇంకొక చిక్కు ఉన్నది. కాగితం మీద పై స్వరం పైన ఉంటుంది. కీబోర్డు మీద అదే స్వరం కుడిచేతి వైపు ఉంటుంది. కన్ను పైకి పోతుంటే చెయ్యి పక్కకు పోవాలి. పెద్దవాళ్లకు ఇది తట్టదు గాని పిల్లవాడికి ఇది నిజమైన అడ్డంకి. దీనికొక చిట్కా ఉన్నది. రెండు చేతులకూ కలిపి రాసిన కాగితాన్ని, అంటే పైన ట్రెబుల్, కింద బేస్ ఉన్న కాగితాన్ని, గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పి కీబోర్డు ముందు పెట్టండి. ఇప్పుడు పైన ఉన్నది కుడివైపుకు వచ్చింది, కింద ఉన్నది ఎడమవైపుకు వచ్చింది, మిడిల్ సి నడుమ నిలిచింది. గీతలూ మెట్లూ ఒకే దిక్కున ఉన్నాయి. "ఓహో!" అంటారు పిల్లలు. ఆ తరువాత కాగితాన్ని మళ్లీ నిలబెట్టవచ్చు.

స్వరాల పేర్లు గుర్తుంచుకోవడానికి ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టించడం ఆనవాయితీ. నాకు అది అంతగా నచ్చదు. ఒక్కొక్క స్వరానికీ ఆ వాక్యం అంతా మొదటి నుండి చెప్పుకుంటూ కూర్చుంటే పాట ఎప్పుడు వాయిస్తారు? మూడు మైలురాళ్లు చాలు. ట్రెబుల్ క్లెఫ్ చుట్టు తిరిగే రెండో గీత జి. బేస్ క్లెఫ్ రెండు చుక్కల మధ్య ఉన్న నాలుగో గీత ఎఫ్. ఈ రెంటి నడుమ, చిన్న అడ్డగీతతో ఒంటరిగా ఉండేది మిడిల్ సి. సి నుండి అయిదో స్వరం పైన జి, అయిదో స్వరం కింద ఎఫ్. అద్దంలో చూసినట్టు ఉంటాయి. మిగతా స్వరాలను ఈ మూడింటి నుండి మెట్టు మెట్టుగానో, ఒక మెట్టు దాటించో చూసుకోవచ్చు. చదవడం వచ్చినవారు అక్షరం అక్షరం కూడబలుక్కోరు, పదం ఆకారం చూస్తారు. స్వరాలూ అంతే. గీత నుండి పక్క సందుకు పోతే ఒక అడుగు, గీత నుండి గీతకు పోతే ఒక గెంతు.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక మనవి. దయచేసి ప్రతి స్వరం కిందా పెన్సిలుతో సి, డి, ఇ అని రాసి పెట్టకండి. ప్రేమతోనే రాస్తారు, తెలుసు. కాని పిల్లవాడి కన్ను తెలివైనది. సులువైన దాన్నే చదువుతుంది. కింద అక్షరాలుండగా పైనున్న గీతలను చూడవలసిన అవసరం వాడికేమిటి? వేళ్ల అంకెలతోనూ ఇదే గొడవ. బొటనవేలు 1, చిటికెన వేలు 5 అని రెండు చేతులకూ లెక్క. మొదటి పుస్తకాలలో కుడి బొటనవేలు ఎప్పుడూ సి మీదే ఉంటుంది. కొన్నాళ్లకు పిల్లవాడికి 1 అంటేనే సి అయిపోతుంది. చెయ్యి జి మీదికి మార్చిన రోజున పాటంతా కూలిపోతుంది. అందుకే నెలకొకసారి అదే పాటను వేరొక వేలితో మొదలుపెట్టిస్తాను.

లయ సంగతికి వస్తే మనవారు అదృష్టవంతులు. తాళం మన చేతులలోనే ఉన్నది. ఒక దెబ్బ ఉండే క్రోచెట్‌కు 'తా', దానిలో సగమైన రెండు క్వేవర్లకు 'తక', నాలుగు చిన్నవాటికి 'తకదిమి' అని పలికిస్తాను. కొదాయ్ పద్ధతిలో ఇలాంటి పనికే తా, తితి అనే అక్షరాలున్నాయి. మనకు అరువు తెచ్చుకునే పని లేదు. రెండు దెబ్బల మినిమ్‌కు కడుపు ఖాళీగా ఉంటుంది, నాలుగు దెబ్బల సెమీబ్రీవ్‌కు తోక కూడా ఉండదు. స్వరం పక్కన చుక్క పెడితే దాని విలువలో సగం పెరుగుతుంది. కాబట్టి చుక్క పెట్టిన మినిమ్ మూడు దెబ్బలు. లెక్కలంటే భయపడే పిల్లలు కూడా ఈ లెక్క సంతోషంగా చేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, రాయడం. అయిదో వారం నుండే మా పిల్లల చేతికి పెన్సిలు ఇస్తాను. రబ్బరు కూడా. స్వరలిపి పుస్తకం దొరకకపోతే తెల్లకాగితం మీద స్కేలుతో అయిదు గీతలు వాళ్లచేతనే గీయిస్తాను. గీసే చేతికి గీతల మధ్య దూరం తెలుస్తుంది. స్వరం తల గుండ్రం కాదు, కొద్దిగా వాలిన కోడిగుడ్డు. నడి గీతకు కిందనున్న స్వరానికి తోక పైకి, కుడిపక్క. పైనున్న స్వరానికి తోక కిందికి, ఎడమపక్క. ఇంగ్లీషు చిన్నబడిలోని 'డి', 'పి' అక్షరాలను గుర్తు చేస్తే ఇక మరచిపోరు. ట్రెబుల్ క్లెఫ్ గీయడం ఒక పండుగ. మొదటి వారం జిలేబీల్లా వస్తాయి. ఫరవాలేదు.

రాత నేర్పడంలో పెద్ద గురువు సెబాస్టియన్ బాఖ్. ఆ జర్మనీ సంగీతకర్త తన పెద్దకొడుకు ఫ్రీడెమాన్‌కు తొమ్మిదేళ్ల వయస్సులో, 1720 జనవరి 22న, ఒక పుస్తకం మొదలుపెట్టి ఇచ్చాడు. మొదట క్లెఫ్‌లూ స్వరాల పేర్లూ, తరువాత గమకాల వంటి అలంకారాల గుర్తులు, ఆ తరువాత వేళ్లు ఎలా వేయాలో చూపే చిన్న పాఠం. తండ్రి రాసిన పేజీల మధ్య కొడుకు రాసిన పేజీలూ ఉన్నాయి. తండ్రీ కొడుకులు ఒకే పుస్తకంలో రాసుకున్నారన్నమాట. బాఖ్ తానే అలా నేర్చుకున్నాడు. పదేళ్లకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని అన్న ఇంట పెరుగుతూ, అన్న తాకవద్దన్న సంగీత పుస్తకాన్ని బీరువా సందుల్లోంచి లాగి, దీపం లేక వెన్నెల వెలుగులో ఆరు నెలలు నకలు రాసుకున్నాడని ఆయన మరణానంతరం 1754లో అచ్చయిన జీవిత సంగ్రహం చెబుతున్నది. అన్నకు తెలిసి ఆ నకలును లాక్కున్నాడట. అయితేనేమి, ఆరు నెలలు రాసిన చేతి నుండి ఎవరు లాక్కోగలరు?

మా తరగతిలో రాత మూడు విధాలు. మొదట నకలు: రెండు బార్లు చూసి రాయడం. రెండవది ఉక్తలేఖనం, అంటే డిక్టేషన్: నేను మూడు స్వరాలు వాయిస్తాను, వాళ్లు విని రాస్తారు. ఇది మొదట్లో అందరికీ కష్టమే, చెవి ఉన్న పిల్లలకు కూడా. ఎందుచేతనంటే, విన్నది చేతికి దిగడానికి ముందు దానికి పేరు పెట్టాలి. మూడవది నాకు అన్నిటికంటె ఇష్టం. ఒక్కొక్కరూ నాలుగు బార్ల సొంత పాట రాసి, కాగితం పక్కవారికి ఇస్తారు. పక్కవారు వాయిస్తారు. రాసినవారు నోరు మెదపకూడదు. "కాదు, కాదు, నేను అనుకున్నది అది కాదు" అని ఎగిరి గంతులేసేవారికి ఒక్కటే జవాబు: "నువ్వు అనుకున్నది కాగితం మీద లేదు, నాన్నా. వెళ్లి రాసుకురా." ఈ ఒక్క ఆటతో తోకలు సరిగా వస్తాయి, బార్ల లెక్క సరిపోతుంది, పూసలు దారానికి గుచ్చుకుంటాయి. రాతలో శుభ్రత ఎందుకో నేను ఉపన్యాసం చెప్పనక్కరలేదు.

పరీక్షల వెంటపడే తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. మన దేశంలో కూడా పిల్లలు రాసే లండన్ ఏబీఆర్‌ఎస్‌ఎం వారి థియరీ పరీక్షలు 1 నుండి 5 గ్రేడుల వరకు 2020 నుండి కంప్యూటరు మీదికి మారాయి. చాలావరకు ఇచ్చిన జవాబులలో సరైనది ఎంచుకోవడమే. సర్టిఫికెట్టు మంచిదే, తెచ్చుకోండి. కాని ఒక్క స్వరమూ చేతితో గీయకుండానే సర్టిఫికెట్టు రాగలదని తెలిసి, ఇంట్లో పెన్సిలు పట్టించండి.

సరిగమలు తెలిసిన పిల్లలకు ఒక సందేహం తప్పక వస్తుంది. "స అంటే సి యేనా అండీ?" కాదు. సి అనేది ఇంటి నంబరు వంటిది, మారదు. 'స' అనేది ఇంటిపెద్ద వంటిది. శ్రుతి ఎక్కడ పెట్టుకుంటే అక్కడ కూర్చుంటుంది. సి మీద 'స' పెడితే శంకరాభరణం అంతా తెల్లమెట్ల మీదే వస్తుంది. డి మీద 'స' పెడితే ఎఫ్, సి రెండూ షార్ప్ కావాలి. ఇది అర్థమైన పిల్లవాడికి ట్రాన్స్‌పోజ్ బటన్ ఏమి చేస్తుందో తెలుస్తుంది; అది లేని పియానో ముందు కూర్చున్నా బిక్కమొగం వేయడు. ఇంగ్లండులో జాన్ కర్వెన్ అనే పాదిరిగారు ప్రచారం చేసిన టానిక్ సోల్ఫా పద్ధతి మన సరిగమలకు చాలా దగ్గర. 1841లో హల్ పట్టణంలో సండేస్కూలు ఉపాధ్యాయుల సభ ఒకటి, పిల్లలకు పాట నేర్పడానికి మంచి మార్గం కనిపెట్టమని ఆయనకు పని అప్పగించింది. ఆయన సంగీతం చదువుకున్నవాడు కాడు. నార్విచ్‌లో సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయురాలు తయారుచేసిన పద్ధతిని తీసుకుని విస్తరించాడు. మామూలు అక్షరాలతోనే అచ్చువేయవచ్చు కాబట్టి చౌక. మిజోరంలో, ఖాసీ కొండలలో కీర్తనల పుస్తకాలు ఆ లిపిలో అచ్చయ్యాయి. అక్కడి సంఘాలు నాలుగు గొంతుకలతో పాడడానికి అదొక కారణం. అయితే పది వేళ్లు ఒకేసారి కదిలే పియానోకు అయిదు గీతలే అనుకూలం. కార్డు ఆకారం కంటికి కనబడుతుంది.

ఇంత శ్రమ దేనికని ఇంకా అడిగేవారికి నేను రెండు పుస్తకాలు తెరిచి చూపిస్తాను. ఒకటి కీర్తనల గ్రంథం. 22వ కీర్తన పైన 'ఉదయపు లేడి' అని అర్థమిచ్చే హెబ్రీ పేరు ఉన్నది. 57, 58, 59, 75 కీర్తనల పైన 'నాశనము చేయవద్దు' అనే పేరు. ఇవి ఆనాడు అందరికీ తెలిసిన వరుసల పేర్లని బైబిలు పండితులు సాధారణంగా చెబుతారు. పేరు చెబితే చాలు, దేవాలయ గాయకులు పాడేవారు. మాటలు మనదాకా వచ్చాయి, వరుసల పేర్లు వచ్చాయి, వరుసలు రాలేదు. రెండవది మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి వంటి వారు 19వ శతాబ్దంలో ఆ కీర్తనలు కట్టినప్పుడు అది చాలు. ఈనాడు ఆ పేరు చూసి పాడగలిగినవారు ఎంతమంది? రాగం పేరు తెలిసినా, ఆ కీర్తన ఆ రాగంలో ఏ బాటన నడిచిందో పేరు చెప్పదు. ఆ బాట మన ముసలివారి గొంతుకల్లో ఉన్నది.

ఇలాంటి భయమే ఒకప్పుడు మద్రాసులో ఒక క్రైస్తవునికి కలిగింది. ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారుగారు మన కృతులను అయిదు గీతల లిపిలోకి ఎత్తి 1893లో ప్రచురించడం మొదలుపెట్టారు. ఎట్టయపురంలో ఉన్న సుబ్బరామ దీక్షితులవారిని ఆశ్రయించి, ఆయన దగ్గరనున్న విద్యను అచ్చులోకి తెమ్మని పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యులు. ఆ పట్టుదల ఫలితంగా 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో వెలువడింది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 దానిలో స్వరాలతో సహా ఉన్నాయి. గమకాలకు వేరే గుర్తులు కూడా పెట్టారు. పియానో మెట్టు గమకం పలకలేదు, అయిదు గీతలు దాన్ని పూర్తిగా పట్టుకోలేవు. మా పిల్లలు రాసేది పాట ఎముకల గూడే. ఎముకలైనా మిగలాలి గదా.

ఫోన్‌లో రికార్డు చేస్తే చాలదా అంటారు. చేయండి, తప్పకుండా చేయండి, అది మొదటి పని. కాని రికార్డు వినేవాడు చెవి ఒగ్గి ఊరుకోవచ్చు. రాసేవాడు ప్రతి స్వరం దగ్గరా ఆగి, ఇది ఏమిటి, ఎంతసేపు అని తేల్చుకోవాలి.

మా పొరుగు గ్రామంలో ఎనభై దాటిన మామ్మగారు ఒకరున్నారు. ఒక పాత కీర్తనను ఆమె పాడే వరుస మా సంఘములో ఇంకెవరికీ రాదు. కిందటి వేసవిలో మా తరగతి అమ్మాయి ఒకతెను, పదకొండేళ్లది, వెంటబెట్టుకుని వెళ్లాను. అమ్మాయి ఒళ్లో అట్ట, దాని మీద స్వరలిపి కాగితం, చేతిలో పెన్సిలు. పక్కన చిన్న కీబోర్డు. ముందు మామ్మగారి 'స' ఎక్కడుందో వెదకడానికే పది నిమిషాలు పట్టింది. పాడిన ప్రతిసారీ అది కాస్త కిందికి జారేది. చివరకు ఎ దగ్గర పెట్టుకుంది. దెబ్బలు లెక్కపెట్టి, మూడేసి అని తేల్చుకుంది. ఒక్కొక్క పాదం మూడు నాలుగుసార్లు పాడించుకుని రాసింది. మామ్మగారు విసుగుకోలేదు సరికదా, మధ్యలో మజ్జిగ ఇప్పించారు. రెండో సాయంత్రం అమ్మాయి కాగితం చూసి మొదటి చరణం వాయించింది. మామ్మగారు కళ్లు మూసుకుని విని, "అంతా బాగుంది గాని బుజ్జీ, రెండో పాదం చివర నువ్వు ఆగిపోతున్నావు. అక్కడ ఆగకూడదమ్మా, మోసుకుపోవాలి" అన్నారు. అమ్మాయి చూసుకుని, అక్కడ పెట్టిన విరామపు గుర్తు చెరిపి, రెండు స్వరాలను కలుపుతూ వంపుగీత గీసి మళ్లీ వాయించింది. "ఆఁ, అదీ" అన్నారామె.

మరుసటి శనివారం ఆ వేళ అక్కడ లేని ఇద్దరు అబ్బాయిల ముందు ఆ కాగితం పెట్టాను. వారు ఆ వరుసను ఎన్నడూ వినలేదు. తప్పులతో, తడుముకుంటూ, అయినా ఆ వరుసనే వాయించారు. ఆ రెండు పేజీలూ ఇప్పుడు చర్చి బీరువాలో ఉన్నాయి. నకళ్లు ముగ్గురు పిల్లల ఇళ్లలో ఉన్నాయి. రెండో పేజీలో ఒక బార్ లెక్క ఇంకా సరిపోలేదు. మూడు దెబ్బల చోట మూడున్నర ఉన్నాయి. మామ్మగారి దగ్గరకు ఇంకొకసారి వెళ్లి సరిచూసుకోవాలని అమ్మాయి అంటున్నది.